కల్పిత సీమలూ, కప్పం కట్టేవాళ్ళూ

లేని రాజ్యాన్ని విమర్శించటం సాధ్యమా? లేని ఊరికి లెక్కలడిగినట్టు ఉంటుందని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఆయన మాట నేను ఒప్పుకోలేను. లేని ఊరిని ఊహించేవాడు దానికి కావలసిన మట్టిని ఉన్న ఊరినుంచే తెచ్చుకుంటాడు. ఏ మట్టి తెచ్చుకున్నాడు, దేన్ని వదిలిపెట్టాడు అని అడగటం విమర్శకుడి పనే. అందులోనూ ఆ ఊహ చేసినవాళ్ళు మన విద్యార్థులైనప్పుడు, అడగకుండా ఊరుకోవటం తప్పవుతుంది.

సంగతి ఇది. కొందరు విద్యార్థులు ఒక నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. అది కథా కాదు, నాటకమూ కాదు. ఐదారుగురు కూర్చుని ఆడే ఒక ఆటకు కావలసిన రంగస్థలం. ఈ ఆటలో ఒకరు సూత్రధారి. తక్కినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. సూత్రధారి పరిస్థితి చెపుతాడు, పాత్రధారి తానేం చేస్తాడో చెపుతాడు, ఫలితం సందిగ్ధంగా ఉన్నచోట పాచిక వేస్తారు. కథ ముందుగా ఎవరికీ తెలియదు. మన కథకుడు దక్షయజ్ఞం చెపుతూ మధ్యలో ఆగి, "ఇప్పుడు వీరభద్రుడు ఏం చేస్తాడో నువ్వు చెప్పు" అని వింటున్నవాణ్ణి అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఈ పద్ధతిలో అమెరికా రచయిత గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో 'పెండ్రాగన్' అనే ఆటను ప్రకటించాడు. అది ఆర్థర్ రాజు కథలకు చెందినది. ఆయన 2018లో చనిపోయాడు గాని ఆటను ఇంకా ఆడుతూనే ఉన్నారు. ఆడేవాళ్ళు సామాన్యంగా సాల్స్‌బరీ అనే కౌంటీలో చిన్న నైటులుగా మొదలుపెడతారు. ఆ కౌంటీ పేరు నిజం, భూమి నిజం. ప్రభువులు, కోటలు, యుద్ధాలు చాలావరకు కల్పితం. స్టాఫర్డ్ రాసిన పెద్ద కథాక్రమం క్రీ.శ. 485లో మొదలై ఎనభై ఏళ్ళకు పైగా నడుస్తుంది. మన విద్యార్థులు సాల్స్‌బరీని తీసేసి, దాని స్థానంలో జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి అడవిదాకా ఉన్న నేలను పెట్టారు. నైటులను తీసేసి కాకతీయ నాయకులను పెట్టారు. దానికి 'కొరవిసీమ' అని పేరు పెట్టారు.

మూల గ్రంథానికి ముందుగా న్యాయం చెయ్యాలి. ఇది కేవలం కత్తియుద్ధాల ఆట అనుకుని నేను పుస్తకం తెరిచాను. నా అంచనా తప్పింది. ఇందులో ప్రతి పాత్రకూ పదమూడు జంటల స్వభావ గుణాలుంటాయి: దయకు ఎదురుగా క్రౌర్యం, ఔదార్యానికి ఎదురుగా స్వార్థం, ఇలాగ. ఒక జంటలో రెండు అంకెలూ కలిపితే ఇరవై. ఒకటి పెరిగితే రెండవది తరుగుతుంది. ఒక గుణం 16 గాని అంతకుమించి గాని అయితే, క్లిష్టసమయంలో ఆ పాత్ర ఏం చెయ్యాలో ఆటగాడి ఇష్టానికి వదలరు, పాచిక వెయ్యాల్సిందే. అంటే మనిషి తాను చేసిన పనులతోనే తయారవుతాడనీ, తయారయిన తరవాత ఆ స్వభావం అతన్నే నడిపిస్తుందనీ ఈ ఆట చెపుతున్నది. మన చారిత్రక నవలల్లో మొదటి పేజీలో ధీరోదాత్తుడైనవాడు ఆఖరి పేజీదాకా అలాగే ఉంటాడు. వాటికంటే ఇది నయం.

ఇంకొక విశేషం ఉంది. ఏడాదికొకసారి శీతాకాలపు ఘట్టం వస్తుంది. అప్పుడు యుద్ధం ఆగిపోతుంది. నైటు తన మేనర్‌లో పంట ఎలా పండిందో లెక్క చూసుకోవాలి. గుర్రాలు చావవచ్చు, పిల్లలు పుట్టవచ్చు, పుట్టినవాళ్ళు పోవచ్చు. ముప్ఫై అయిదేళ్ళు దాటినవాడికి వార్ధక్యం మొదలవుతుంది. అతను పోతే కొడుకు వారసుడౌతాడు. శౌర్యం వెనక ధాన్యం ఉన్నదని ఇంత తిన్నగా చెప్పిన వీరగాథ అరుదు. గోన గన్నారెడ్డి సాహసాలు చదివి పొంగిపోయిన నేను, ఆయన గుర్రానికి ఉలవలు ఎవరు పండించారని చదివినన్నాళ్ళూ అడగలేదు.

అయితే ఆ పంట ఎవరి లెక్కలో వస్తున్నది? నైటు లెక్కలో. పంట బాగా పండితే నైటు దర్జాగా బతుకుతాడు, పండకపోతే అతని పరువు తగ్గుతుంది. పండించినవాడి ఇంట్లో ఆ శీతాకాలం ఎలా గడిచిందో తెలుసుకోవటానికి పాచిక లేదు. ఇది స్టాఫర్డ్ ఒక్కడి లోపం కాదు. ఆయన దగ్గరికి చేరిన కథే అలాంటిది.

ఆర్థర్ కథ ఎన్నడూ ఒక్క కాలానికి కట్టుబడి లేదు. జెఫ్రీ ఆఫ్ మన్మత్ 1136 ప్రాంతంలో ఆర్థర్‌ను నార్మన్ ప్రభువులు మెచ్చే చక్రవర్తిగా దిద్దాడు. 1155లో వాస్ అనే కవి గుండ్రటి బల్లను ప్రవేశపెట్టాడు. పీఠాల దగ్గర ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనే తగాదా సామంతుల మధ్య రాకుండా ఆ బల్ల వేశారట. మాలరీ గ్రంథాన్ని కాక్స్‌టన్ 1485లో అచ్చు వేశాడు. ఇంగ్లండులో పాత ప్రభువంశాలు గులాబీల యుద్ధాల్లో ఒకరినొకరు నరుక్కుని బలహీనపడిన ఏడు అది. వ్యవస్థ కూలుతున్నప్పుడే దాని ఆదర్శం అంత అందంగా అచ్చయింది. అయిదో శతాబ్దపు వీరుడికి పదిహేనో శతాబ్దపు ఉక్కు కవచం తొడిగారు. ఆ కథలో ప్రతి కౌంటీ కల్పితమే. అందుచేత మన విద్యార్థుల సీమ 'అచారిత్రకం' అని కొట్టిపారెయ్యటం నా ఉద్దేశం కాదు. కల్పన చెయ్యటం నేరం కాదు. ఎవరి పక్షాన చేశారన్నదే ప్రశ్న.

ఆ గుండ్రటి బల్లను చూసి అదే సమానత్వమని మురిసిపోయేవాళ్ళున్నారు. అది ప్రభువులకూ ప్రభువులకూ మధ్య సమానత్వం. వడ్డించేవాడు నిలబడే ఉన్నాడు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఇంతకంటే చాలా ముందుకు పోయింది. అక్కడ కులం కూడా ఆ చాప మీద కూర్చున్నది.

ఇక నోటు పుస్తకం సంగతి. అందులో మెచ్చుకోవలసినది చాలా ఉంది. విద్యార్థులు పేర్లు గాలిలోంచి తీసుకోలేదు. మహబూబాబాద్ జిల్లాలోని కొరవి ఒకప్పుడు ముదిగొండ చాళుక్యుల పాలనలో ఉన్న సీమ. అక్కడి శాసనం తెలుగు వచనానికి దొరికిన తొలి నమూనాల్లో ఒకటి. కాకతీయులు చక్రవర్తులు కాకముందు ఈ ప్రాంతంలో ఎంత పెనుగులాట జరిగిందో చెప్పటానికి గూడూరు శాసనం ఉంది. విరియాల ఎర్రన శత్రువును చంపి బొట్టు బేతను కొరవిలో నిలిపాడనీ, అతని భార్య కామసాని గరుడ బేతరాజుకు అనుమకొండను ఇప్పించిందనీ అందులో ఉంది. రాజును నిలబెట్టిన వంశం తరవాత రాజుకు సామంతవంశంగా మిగిలింది. నాటకానికి ఇంతకంటే ఏం కావాలి? కామసానిని విద్యార్థులు ముఖ్యపాత్రగా తీసుకున్నారు. ఆర్థర్ కథల్లో ఆడది ప్రేమకో, ద్రోహానికో, మంత్రానికో కారణమౌతుంది. ఇక్కడ ఆమె రాజకీయం నడుపుతున్నది. ఇది మంచి ఎన్నిక.

లోపాలు మూడు కనిపించాయి. మొదటిది, నాయకుడంటే నైటు అనుకోవటం. ఇంగ్లీషు మేనర్‌కు ప్రాణం వాన పడే గోధుమ చేను. మన సీమకు ప్రాణం చెరువు. కాకతీయుల కాలంలో ప్రభువు బలం చెరువు కట్ట పొడవులో ఉంది. చెరువు తవ్వించినవాడికి దశబంధమనే మాన్యం దక్కేది. మరి విద్యార్థులు సాల్స్‌బరీ లెక్కనే యథాతథంగా దించుకుని "వర్షం బాగుంటే పంట బాగు" అని రాశారు. వాన కురిసినా కట్ట తెగితే పంట పోతుంది. తూము ఎవరి చేతిలో ఉంటే పొలం వాడి మాట వింటుంది. ఈ సంగతి ఆ నేల మీద పుట్టిన పిల్లలకు ఒకరు చెప్పవలసింది కాదు. అయినా పుస్తకం ముందు పెట్టుకోగానే కంటికి ఎదురుగా ఉన్న చెరువు మాయమైంది. దిగుమతి చేసుకున్న రూపం విషయాన్ని ఎలా మింగుతుందో చెప్పటానికి ఇది చక్కని ఉదాహరణ.

రెండవది బయ్యారం చెరువు. గణపతిదేవుని సోదరి మైలమ దాన్ని కట్టించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ శాసనంలో కాకతీయుల వంశవృక్షం వెన్ననృపుని నుంచి ఉంది. కాకతీయ చరిత్ర రాసేవాళ్ళకు అది పెద్ద ఆధారం. శాసనంలో రాజుల పేర్లన్నీ ఉన్నాయి, మట్టి మోసినవాడి పేరు లేదు. శాసనకవికి జీతమిచ్చినది ఎవరో మనకు తెలుసు కాబట్టి ఆశ్చర్యపడనక్కరలేదు. కాని మన విద్యార్థులకు ఆ జీతం రావటం లేదు. కల్పన చేసుకునే స్వేచ్ఛ పూర్తిగా చేతిలో ఉండి కూడా వాళ్ళు "మైలమ చెరువు కట్టించెను" అని శాసనం రాసినట్టే రాసి ఊరుకున్నారు. శాసనం చెప్పలేనిదాన్ని చెప్పటానికి కాకపోతే కల్పన ఎందుకు?

మూడవది అన్నిటికంటే పెద్దది. నోటు పుస్తకంలో 'అడవి తిరుగుబాటు' అని ఒక ఘట్టం ఉంది. కోయలు కప్పం కట్టటం మానేశారు, నాయకులు సైన్యంతో పోయి వాళ్ళను అణచాలి, గెలిస్తే కీర్తి పెరుగుతుంది. ఇది మేడారం కథ. సమ్మక్క కథను సాహసయాత్రగా మార్చి, ఆడేవాళ్ళను ప్రతాపరుద్రుడి పక్షాన నిలబెట్టారు.

మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండేది. జాతర సమయంలో పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి అడవి దారిన తీసుకుపోతారు. కథ మూడు నాలుగు జిల్లాల్లో పరచుకున్నది. పులులతో ఆడుకుంటూ దొరికిన పాప, మేడరాజు ఇంట పెరగటం, పగిడిద్దరాజుతో పెళ్ళి, కరువు, కట్టలేని కప్పం, కాకతీయ సైన్యం, జంపన్న సంపెంగవాగులో పడటం, సమ్మక్క చిలకలగుట్ట మీద కనపడకుండా పోవటం, ఇవి అందరికీ తెలిసినవే. చరిత్ర తారీకులతో చూస్తే ఇక్కడా కాలాలు కలిసిపోయాయి. మేడరాజు అనే ప్రభువును ఓడించినట్టు వేయిస్తంభాల గుడి శాసనంలో, అంటే 1163లో, రుద్రదేవుడు చెప్పుకున్నాడు. ప్రతాపరుద్రుడు 1289లో గాని గద్దె ఎక్కలేదు. ఆర్థర్‌కు ఉక్కు కవచం తొడిగినట్టే జనం వేరువేరు యుద్ధాలను ఒక్క యుద్ధంగా కలిపి ఉండవచ్చు. ఈ రెండు కథలకూ పోలిక ఇక్కడిదాకానే.

తేడా యుద్ధకారణంలో ఉంది. ఆర్థర్ కథలో యుద్ధం ఎందుకు వస్తుంది? పరువు కోసం, స్త్రీ కోసం, సింహాసనం కోసం, పవిత్ర పాత్ర కోసం. మేడారం కథలో యుద్ధం పన్ను కోసం వచ్చింది. వాన లేదు, పంట లేదు, కప్పం కట్టలేదు, సైన్యం వచ్చింది. ఇందులో మంత్రం లేదు, శాపం లేదు. అర్థశాస్త్రం చదవని కోయ డోలి కళాకారులు పడిగె బొమ్మలు పరచి తరతరాలుగా ఈ సంగతి పాడుతూ వచ్చారు. ఆ కళాకారుల్లో ఒకరైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పద్మశ్రీ ఇచ్చినవాళ్ళందరూ ఆ పాటలోని పన్ను సంగతి విన్నారో లేదో నేను చెప్పలేను.

ఈ విమర్శకు ఒక విద్యార్థి వెంటనే జవాబు చెప్పాడు. "సార్, ఆటల ఎవరైనా గెలిచేటోని దిక్కే ఉంటరు. కరువుల చచ్చేటోని పాత్ర ఎవరేసుకుంటరు? ఆట అన్నంక సంబురముండాలె గద." అతని మాటలో నిజం లేకపోలేదు. అభ్యుదయ విమర్శకులమైన మనం చాలాకాలం ఒక పొరపాటు చేశాం. పాత వీరగాథ అనగానే భూస్వామ్య సాహిత్యమని ముద్రవేసి పక్కన పెట్టాం. మనం పక్కన పెట్టినదాన్ని ఇతరులు తీసుకున్నారు, తమకు కావలసిన రంగు పూశారు. సంతోషాన్ని విమర్శించి సాహిత్యాన్ని నిలబెట్టలేం. అయితే ప్రజల కథలో సంతోషం లేదన్న మాట కూడా అబద్ధం. మేడారానికి రెండేళ్ళకొకసారి లక్షలాదిగా వచ్చే జనం ఏడవటానికి రావటం లేదు. ఓడిపోయినవాళ్ళ కథ ఇంత పెద్ద పండుగ అయింది. గెలిచిన ప్రతాపరుద్రుడికి జాతర లేదు.

దీన్ని అతిగా చెప్పటం కూడా సరికాదు. మేడరాజు రాజే, పగిడిద్దరాజు రాజే. వాళ్ళను ఆదిమ సామ్యవాదులని వర్ణించటం మన కోరికను కథకు అంటగట్టటమే. చిన్న ప్రభువు పెద్ద ప్రభువుకు పన్ను కట్టలేకపోయిన కథ అది. కాని ఆ చిన్న ప్రభువు కరువులో తన ప్రజల్ని పిండి కప్పం కట్టలేదు. ఇంకొక దారి అతనికి లేకపోలేదు, అతనది ఎన్నుకోలేదు. ఆ ఎన్నికే కథకు గుండె. పాత్రధారణ ఆటకు కావలసినది సరిగ్గా ఇలాంటి ఎన్నికే.

వీరుడంటే ప్రభువే కానక్కరలేదని చెప్పటానికి మనం విదేశాలకు పోనవసరం లేదు. జనగామ జిల్లా పాలకుర్తిది కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవపురాణంలో మడివాలు మాచయ్య ఉన్నాడు. చాకలివాడు. రాజైన బిజ్జలుడి బలగాన్ని ఎదిరించినవాడు. ఫ్రాన్సులో కవులు గుర్రమెక్కినవాడికే కథ రాస్తున్న ఆ యుగంలో, ఇక్కడ ఒక కవి బట్టలుతికేవాణ్ణి వీరుణ్ణి చేసి దేశిఛందస్సులో పాడాడు. అతని ధిక్కారం భక్తి పరిధి దాటలేదన్నది నిజమే. ఆ పరిధి దాటిన సంగతి అదే పాలకుర్తిలో 1940ల్లో జరిగింది. చాకలి ఐలమ్మ తాను కౌలుకు దున్నిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వకుండా, సంఘం అండతో ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలాడు.

నేను ఈ ఆటను తేలికగా తీసుకోకపోవటానికి అసలు కారణం ఇక్కడుంది. సాల్స్‌బరీలో మేనర్ ఆడుకునే ఇంగ్లీషు కుర్రాడికి వెట్టి అనేది అయిదారు వందల ఏళ్ళనాటి మాట. జనగామ కుర్రాడికి అది ఇంట్లో మాట. నేను ఇదంతా చెపుతుంటే అంతవరకూ మాట్లాడని ఒక విద్యార్థి, "మా నాయనమ్మోళ్ళ అమ్మ గడీల వెట్టి చేసిందట సార్" అన్నాడు. నోటు పుస్తకంలో సీమ పటం గీసింది అతనే. పటంలో కోటలు, గుళ్ళు, చెరువులు, భూపాలపల్లి వైపు గణపురం కోటగుళ్ళు, పాండవులగుట్ట అన్నీ చక్కగా గీశాడు. తన ముత్తవ్వ నిలబడ్డ చోటు గియ్యలేదు. ఎందుకని నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. కొంతసేపు ఎవరూ ఏమీ అనలేదు.

తరవాత నేను వాళ్ళకు మూడు సూచనలు చేశాను. పంట లెక్కలో చెరువును పెట్టండి, నాయకుడి వాటాతోపాటు దున్నినవాడి గింజలకూ పాచిక వెయ్యండి. పదమూడు జంటల గుణాలకు పద్నాలుగో జంట కలపండి, విధేయతకు ఎదురుగా ధిక్కారం. మూల గ్రంథంలో ప్రభుభక్తి ఒక ఆవేశం, దాన్ని తప్పితే పరువు పోతుంది. మన సీమలో అది తప్పటం కూడా ఒక విలువ కావాలి. అడవి ఘట్టాన్ని కరువు సంవత్సరంతో మొదలుపెట్టండి, సైన్యం రావటంతో కాదు.

వాళ్ళు తిరగరాసి తెచ్చారు. ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. కరువు వచ్చింది. నాయకుడి పాత్ర వేసినవాడికి దయ 16 ఉంది, ప్రభుభక్తి కూడా అంతే ఉంది. ఓరుగల్లు నుంచి కప్పం కోసం మనుషులు వచ్చారు. అతను దయకు పాచిక వేశాడు, నిలిచింది. గాదె తెరిచి గింజలు పంచాడు. మరుసటి ఏడు అతని సీమ పోయింది, పాత్ర చచ్చిపోయింది. వాడు ఏమీ నొచ్చుకోలేదు. మిగిలినవాళ్ళు ఆ చావును మూడు రోజులు చెప్పుకున్నారు. కీర్తి అనే మాటకు వాళ్ళ సీమలో అర్థం మారిందని నాకు అనిపించింది.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. దున్నేవాడికి పాచిక ఇచ్చారు గాని, దున్నేవాడి పాత్ర ఆ రోజు ఎవరూ తీసుకోలేదు. కామసాని కావలసినవాళ్ళున్నారు, జంపన్న కావలసినవాళ్ళు ఇద్దరున్నారు. బయ్యారం కట్ట మీద మట్టి తట్ట ఎత్తుకునేవాళ్ళు లేరు. గింజల పాచికను సూత్రధారే వేశాడు. ఇది ఆ అయిదుగురు విద్యార్థుల లోపమని నేను అనను. మట్టి మోసినవాణ్ణి తాను కావాలనుకునేంత గొప్ప పాత్రగా మన కథలు, మన నవలలు, మన పాఠాలు ఇంకా చెయ్యలేదు. ఆ పని ఉపాధ్యాయులది, రచయితలది. అది జరిగేదాకా, ఎన్ని సీమలు కల్పించినా ఆ తట్ట అక్కడే ఉంటుంది.